ఒకే ట్యాంకులో పెట్రోలు, ఆయిలు

పాత బండికి ట్యాంకు చేసిపెట్టమని వచ్చేవాళ్ళు ముందు రంగు గురించి అడుగుతారు. తర్వాత, బయటి ఆకారం ఫొటోలో ఉన్నట్టే వస్తుందా అని అడుగుతారు. లోపల అడ్డంగా నిలబడే రేకు సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నాకు మాత్రం తలనొప్పంతా ఆ రేకుతోనే. అది కారిందంటే, బయటికి ఎంత ముద్దుగా కనిపించినా ఆ ట్యాంకు ఇంజన్ని తినేస్తుంది.

నేను చెబుతున్నది 1910, 1920ల నాటి ఇంగ్లండు మోటార్‌సైకిళ్ళ సంగతి. అప్పట్లో చాలా బళ్ళకు పెట్రోలు ట్యాంకు వేరు, ఆయిలు ట్యాంకు వేరు అనే పద్ధతి లేదు. ఫ్రేములో పైన రెండు గొట్టాలు ఒకదాని కింద ఒకటి పోయేవి. ఆ రెంటి సందులో ఒక పెట్టె ఇరికించేవారు. పొడుగ్గా, సన్నగా, పక్కలు చదునుగా ఉండే పెట్టె. ‘ఫ్లాట్ ట్యాంక్’ అంటారు దాన్ని. అందులోనే ఒక అర పెట్రోలుకు, ఒక అర ఆయిలుకు. పైన ఎవరి మూత వాళ్ళది, కింద ఎవరి దారి వాళ్ళది. మధ్యలో అడ్డురేకు.

ఈమధ్య నా షెడ్డుకు వచ్చింది ట్రయంఫ్ మోడల్ హెచ్. 1915లో ఇంగ్లండులోని కవెంట్రీలో మొదలైన మోడల్ ఇది. 550 సీసీ, ఒంటి సిలిండరు, సైడ్ వాల్వు ఇంజను. స్టర్మీ ఆర్చర్ వాళ్ళ మూడు గేర్ల పెట్టె. ఇంజను నుంచి గేర్ల పెట్టెకు చైను, అక్కణ్ణుంచి వెనక చక్రానికి బెల్టు. మొదటి ప్రపంచ యుద్ధంలో వార్తలు మోసే సైనికుల కోసం ఇలాంటి బళ్ళు దాదాపు 30,000 తయారయ్యాయి. బురదలోనూ మొండిగా నడిచేదని సిపాయిలు దానికి ‘ట్రస్టీ’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ కంపెనీ పెట్టిన సీగ్‌ఫ్రీడ్ బెట్‌మన్‌ది జర్మనీలోని న్యూరెంబర్గ్. బతుకుదెరువుకు ఇంగ్లండు వచ్చి, 1913లో కవెంట్రీకి మేయరు కూడా అయ్యాడు. మరుసటేడు యుద్ధం రాగానే ఆయన పుట్టిన ఊరే ఆయనకు అడ్డమైంది. ఆయన కంపెనీ బళ్ళు మాత్రం ఇంగ్లండు తరఫున జర్మనీ మీదికి వెళ్ళాయి.

నా దగ్గరికి వచ్చిన దానికి ఫ్రేముంది, ఇంజనుంది, ముందు ఫోర్కుంది. ట్యాంకు లేదు. ఎవరో ఎప్పుడో పాత సామానుకు వేసేసి ఉంటారు. కంపెనీని అడుగుదామా అంటే కవెంట్రీలోని ఆ పాత ఫ్యాక్టరీ 1940 నవంబరులో జర్మన్ల బాంబులకు నేలమట్టమైంది. మిగిలింది ఫొటోలు, కొలతల టేపు, చెయ్యి.

నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రేకు పని నేర్చుకున్నవాణ్ణి. గార్డు లాంతర్లు, కిరోసిన్ డబ్బాలు, నీళ్ళ ట్యాంకులు, వాటితోనే నా సర్వీసు గడిచింది. రిటైరయ్యాక మౌలాలీలో ఇంటి వెనక షెడ్డేసుకుని పాతబళ్ళ రేకు పని చేస్తున్నాను. ట్రయంఫ్ తెచ్చినాయన పళ్ళ డాక్టరు. నన్ను ‘కాకా’ అంటాడు. నేనాయన్ని ‘డాక్టర్ సాబ్’ అంటాను.

ముందు అసలు ప్రశ్న. పెట్రోలు, ఆయిలు ఒకే పెట్టెలో ఎందుకు పెట్టారు?

పాత రోజుల్లో లూనాలు, చేతక్‌లు నడిపినవాళ్ళు ఇక్కడ ఒక మాట అడుగుతారు. ‘బంకులో 2టీ ఆయిలు కొలిచి పెట్రోల్లోనే పోయించుకునేవాళ్ళం కదా, అదేనా?’ అని. అది కాదు. అవి టూ స్ట్రోకు బళ్ళు. వాటిలో పెట్రోల్లో ఆయిలు కలిసిపోవాలి, కలిసే ఇంజన్లోకి పోవాలి. ట్రయంఫ్ ఫోర్ స్ట్రోకు. ఇందులో పెట్రోలు కార్బురేటరుకు, ఆయిలు క్రాంక్‌కేసుకు పోతాయి. రెండూ ఎక్కడా కలవకూడదు. ఒకే ఇంట్లో ఉంటాయి అంతే.

ఆ రోజుల్లో ఇంజన్లోకి వెళ్ళిన ఆయిలు తిరిగి వచ్చేది కాదు. క్రాంక్‌కేసులో పడి, తిరిగే భాగాలకు చిమ్ముకుని, కొంత పిస్టన్ పక్క నుంచి ఎగబాకి కాలిపోయేది, మిగిలింది సందుల్లోంచి రోడ్డు మీద కారేది. దీపంలో నూనెలాగా పోస్తూ ఉండాలి, అది అయిపోతూ ఉంటుంది. అందుకు పెద్ద ట్యాంకు అక్కర్లేదు, చిన్న అర చాలు. కానీ ఆ అర ఇంజనుకు పైన ఉండాలి, నడిపేవాడి చేతికి అందాలి. ఎందుకంటే పంపు కొట్టేది అతనే.

ఆ పంపు చూడముచ్చటైన వస్తువు. ఆయిలు అరలో నిటారుగా దిగిన ఇత్తడి గొట్టం, పైన చిన్న పిడి. పిడి పైకి లాగితే గొట్టంలోకి ఆయిలు వస్తుంది. కిందికి నొక్కితే రాగి గొట్టం గుండా క్రాంక్‌కేసులోకి పోతుంది. కొన్ని మైళ్ళకోసారి ఒక పంపు. ఎత్తెక్కేటప్పుడు ఇంకొకటి. సైలెన్సరు నుంచి లేత నీలం పొగ వస్తుంటే ఆయిలు అందుతున్నట్టు. పొగ అసలే లేకపోతే నడిపేవాడి గుండెల్లో రాయి పడేది. తర్వాత పిల్‌గ్రిమ్ లాంటి మెకానికల్ పంపులు వచ్చి చేతికి ఆ పని తప్పించాయి. వాటిలో చుక్క చుక్కా పడటం చిన్న గాజులోంచి కనిపించేది.

ఇలా ఆయిలు ఒకే దారిన పోతున్నంత కాలం, పెట్రోలు పక్కన అది చల్లగా కూర్చుని ఉండేది. ఏ గొడవా లేదు. 1920ల చివరికి డ్రై సంప్ పద్ధతి ఊపందుకుంది. అంటే ఒక పంపు ఆయిలును ఇంజన్లోకి పంపితే, ఇంకో పంపు దాన్ని తోడి మళ్ళీ ట్యాంకులో పోస్తుంది. అలా వచ్చే ఆయిలు సలసలా కాగి వస్తుంది. పెట్రోలుకు ఆ వేడి తగిలితే ఆవిరవుతుంది, ఆవిరి పైపులో చేరితే బండి దగ్గుతుంది. దాంతో ఆయిలుకు వేరే ట్యాంకు కట్టి సీటు కిందికి దింపేశారు. అదే రోజుల్లో గొట్టాల మధ్య ఇరుక్కునే ఫ్లాట్ ట్యాంకు పోయి, పై గొట్టం మీద జీనులా కూర్చునే గుండ్రటి ట్యాంకు వచ్చింది. ఇంగ్లండులో ఉమ్మడి ట్యాంకు కథ చాలామటుకు అక్కడితో ముగిసింది.

అందరూ అదే దారిన పోలేదనుకోండి. అమెరికా వాళ్ళ ఇండియన్ కంపెనీ 1933లో డ్రై సంప్‌కు మారింది. అయినా ఇండియన్ చీఫ్ బండికి ఆయిలు అర పెట్రోలు ట్యాంకులోనే ఉండిపోయింది. పైన మూడు మూతలుంటాయి, అలవాటు లేనివాడు ఏది తీయాలో తెలియక తికమకపడతాడు. ఇంగ్లండులో విన్సెంట్ వాళ్ళు ఇంకో ఎత్తు వేశారు. 1946లో వచ్చిన సిరీస్ బి ర్యాపిడ్‌లో ఫ్రేము వెన్నెముకగా ఒక ఉక్కు పెట్టెను పెట్టి, దాన్నే ఆయిలు ట్యాంకుగా వాడుకున్నారు. పెట్రోలు ట్యాంకు దాని మీద కూర్చుంటుంది. ఎన్‌ఫీల్డ్ వాళ్ళు 1910ల్లోనే ఒక బండికి గాజుతో ఆయిలు ట్యాంకు చేసి సీటు గొట్టానికి తగిలించారు. ఆయిలు ఎంతుందో బయటికే కనిపించేది. ఆ ఆలోచన నాకు భలే ఇష్టం, చెయ్యమని మాత్రం ఎవరూ నా దగ్గరికి రాకూడదు.

ఇక పని.

మొదట అట్ట. ఫ్రేము గొట్టాల మధ్య సందులో అట్టను కోసి, కోసి, సరిచేసి కూర్చోబెట్టాలి. ఇంత పాత ఫ్రేముల్లో ఏ రెండు గొట్టాలూ పుస్తకంలో ఉన్నట్టు ఉండవు. ఎక్కడో ఒక గుద్దు తగిలి ఉంటుంది, ఎవరో ఒకరు వంచి నిలబెట్టి ఉంటారు. పై గొట్టానికీ కింది గొట్టానికీ మధ్య ఎడం ముందు ఒకలా, వెనక ఒకలా ఉంటుంది. కాబట్టి ఇంకో బండి ట్యాంకు కొలతలు తెచ్చుకుని చేస్తే పని చెడుతుంది. నా బండిలో నా అట్ట. పైనా కిందా ఫెల్టు పట్టీకి చోటు వదలాలి. రేకు నేరుగా గొట్టానికి ఆనితే వణుకుకు అరిగి, ఏడాది తిరిగేసరికి బెజ్జం పడుతుంది.

అట్ట కుదిరాక దాన్నిబట్టి కొయ్య అచ్చు, దాని మీద రేకు. నేను వాడేది 20 గేజి రేకు, అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్ల మందం. ఆ రోజుల్లో కంపెనీలు సీసం, తగరం కలిపి పూసిన రేకు వాడేవి. నేను మామూలు సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు తెచ్చి, లోపలి ముఖానికి నేనే కళాయి వేసుకుంటాను. గాల్వనైజ్డ్ రేకు జోలికి పోను. దాని మీది జింకు, పెట్రోల్లో చేరే తేమ కలిసి తెల్లటి మడ్డి తయారవుతుంది, అది పోయి కార్బురేటరు జెట్టులో కూర్చుంటుంది.

కళాయి అంటే ఇత్తడి గిన్నెలకు వేసే కళాయే. రేకును వేడి చేసి, నవసాగరం చల్లి, తగరం రుద్ది, దూదితో ఒక్క తుడుపు. నల్లటి రేకు మీద వెండి చెంగు పరిచినట్టు మెరుపు పరుచుకుంటుంది. వంట గిన్నెలకైతే అచ్చ తగరమే వాడాలి, సీసం కడుపులోకి పోకూడదు. ట్యాంకుకు సీసం కలిసినా పరవాలేదు. ఈ కళాయి వల్ల రెండు లాభాలు. లోపల తుప్పు పట్టదు. టంకం పెట్టేటప్పుడు అంచులు ఒకదాన్నొకటి ఇట్టే పట్టుకుంటాయి.

ఇప్పుడు ట్యాంకులంటే వెల్డింగు కదా, టంకం ఎందుకని డాక్టరు కూడా అడిగాడు. వెల్డింగు వేడికి ఇంత పలచని చదును రేకు మెలికలు తిరుగుతుంది. గుండ్రటి ట్యాంకు దాచుకోగలదు గానీ, ఫ్లాట్ ట్యాంకు పక్క మీద చిన్న ఒంపు కూడా వెలుతురు పడితే బయటపడుతుంది. టంకానికి అంత వేడి అక్కర్లేదు. అయితే టంకానికి బలం తక్కువ. బలం మడతలోంచి రావాలి. అంచులను ఒకదాన్లో ఒకటి మడిచి, సుత్తితో అణచి, ఆ మడతలోకి టంకం పారించాలి. మడత పట్టి ఉంచుతుంది, టంకం కారకుండా చూస్తుంది. మడవకుండా అంచు మీద అంచు పెట్టి టంకం పూసి ఇచ్చిన ట్యాంకులు నా దగ్గరికి మరమ్మతుకు వస్తుంటాయి. ఒంటి సిలిండరు బండి వణుకుకు ఆ అతుకులు ఎంతకాలం ఆగుతాయి?

టంకం పారాలంటే ఫ్లక్స్ కావాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో జింకు ముక్కలు వేసి, బుడగలు ఆగేదాకా ఉంచితే తయారవుతుంది. పని అయ్యాక సోడా కలిపిన వేడినీళ్ళతో లోపలా బయటా కడగాలి. కడగకుండా వదిలేస్తే అదే రేకును తింటుంది. ఆరు నెలల తర్వాత ‘మీరు చేసిన ట్యాంకు కారుతోంది’ అని ఫోను వస్తుంది.

ఇక అడ్డురేకు దగ్గరికి వద్దాం.

ట్యాంకు లోపల రెండు రకాల రేకులు ఉంటాయి. ఒకటి పెట్రోలు అరలో, పెట్రోలు అటూ ఇటూ ఎగిసిపడకుండా, చదును పక్కలు వణకకుండా ఆపే రేకు. దానికి బెజ్జాలుంటాయి, కారినా నష్టం లేదు. రెండోది ఈ అడ్డురేకు. దీనికి సూది మొనంత రంధ్రం ఉండకూడదు.

తంటా ఎక్కడంటే, పెట్టెకు నాలుగు వైపులూ మూసి చివరి పక్క రేకు వేసేటప్పటికి, ఆ పక్క రేకుకూ అడ్డురేకుకూ మధ్య అతుకు లోపలికి వెళ్ళిపోతుంది. చెయ్యి పోదు, కన్ను పోదు. అడ్డురేకు అంచును మడిచి, ముందే దట్టంగా టంకం పట్టించి, పక్క రేకు మూశాక బయటి నుంచి కాల్చిన రాగి కడ్డీ ఆనించి, లోపల టంకం కరిగి పారిందని నమ్మాలి. నేను చేసిన పనిలో నమ్మాల్సిన భాగం ఉండటం నాకు గిట్టదు. అది కొద్దిగా తప్పిందనుకోండి, ఏం జరుగుతుంది? ఆయిలు చిక్కన, సన్నని సందులోంచి అంత తేలిగ్గా పోదు. పెట్రోలు పలచన, వెంట్రుకంత దారి దొరికినా దూరిపోతుంది. ఆయిలు అరలో చేరి ఆయిలును పలచన చేస్తుంది. నడిపేవాడు పంపు కొడుతూనే ఉంటాడు, మూత తీసి చూస్తే అర నిండుగానే కనిపిస్తుంది. కానీ లోపలికి పోయే దాన్లో జిగి లేదు. సిలిండరు గోడ మీద పొర నిలవదు. ఎక్కడో ఎండలో, ఎత్తు మీద పిస్టన్ పట్టేస్తుంది.

అందుకే నేను ఒక్క రేకు పెట్టను. ఆయిలు అరను విడి డబ్బాగా, ఆరు వైపులా మూసి, పంపు మూతి, పోసే మూతి, కింది గొట్టం అన్నీ పెట్టి, విడిగానే పరీక్ష చేసి, అప్పుడు పెద్ద పెట్టెలోకి జరుపుతాను. పెట్రోలు అరకు దాని గోడ దానికుంటుంది. రెండు గోడల మధ్య కొద్దిపాటి ఖాళీ. ఆ ఖాళీకి అడుగున చిన్న బెజ్జం. ఏ గోడ కారినా ద్రవం పక్క అరలోకి పోకుండా ఆ బెజ్జంలోంచి కిందికి వస్తుంది. వాసన చూస్తే ఏ అర కారిందో తెలిసిపోతుంది.

దీనికి డాక్టరు ఒప్పుకోలేదు.

“కాకా, కంపెనీ ఒక్క రేకే పెట్టింది గదా. మనం రెండు పెడితే అది ఒరిజినల్ ఎట్లయితది?”

“కంపెనీ పెట్టినప్పుడు పిస్టన్లు దుకాణంల దొరుకుతుండె డాక్టర్ సాబ్. ఇప్పుడు మీ పిస్టన్ పోతే ఏడికెల్లి తెస్తరు?”

ఆయన కాసేపు ఫ్రేము చుట్టూ తిరిగాడు. “బయటికి కనబడదు గదా?”

“కింద పెన్సిల్ మొనంత బెజ్జం. నేల మీద పండుకొని చూసేటోనికే కనబడతది.”

“పండుకొని చూసేటోళ్ళు కూడ ఉంటరు కాకా, మా క్లబ్బుల.”

ఆయన చెప్పింది నిజమే. పాతబళ్ళ పోటీల్లో జడ్జీలు నట్టు తల కూడా వదలరు. కానీ నా ఉద్దేశం వేరు. కంటికి కనిపించేదంతా అప్పటిలా ఉండాలి. కనిపించని చోట, అప్పటి పనివాడు మెరుగ్గా చెయ్యాలని ఉండీ ధర కోసం మానుకున్నది మనం చేస్తే తప్పేముంది? రెండు గోడల వల్ల ఆయిలు అర కాస్త చిన్నదైంది. ఆయన తిరిగేది ఆదివారం పొద్దున తార్నాక నుంచి శామీర్‌పేట దాకా. ఆ మాత్రానికి ఆ ఆయిలు ధారాళంగా సరిపోతుంది. చివరికి ‘మీ ఇష్టం’ అన్నాడు.

మూతల్లో గాలి బెజ్జం మర్చిపోకూడదు, రెండింటికీ. పెట్రోలు మూతకు లేకపోతే కొంత దూరం పోయాక ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు దిగడం మానేస్తుంది. మూత తీయగానే ‘స్స్’ మని గాలి పీల్చుకుని బండి మళ్ళీ బాగుపడుతుంది. ఈ లోపు మెకానిక్కు కార్బురేటరంతా విప్పేసి ఉంటాడు. ఆయిలు మూతకు గాలి బెజ్జం లేకపోతే పంపు పిడి లాగినా గొట్టం నిండదు.

పరీక్ష దగ్గర తొందరపడేవాళ్ళు ట్యాంకును పాడుచేస్తారు. టైర్లకు గాలి కొట్టే కంప్రెసరు తగిలించి నీళ్ళ తొట్లో ముంచుదామనుకుంటారు. లెక్క చూడండి. 60 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పక్క రేకు మీద ఒక్క పీఎస్‌ఐ ఒత్తిడి పెడితే, మొత్తం మీద 63 కిలోల తోపు పడుతుంది. కారు టైరుకు కొట్టే 30 పీఎస్‌ఐ పెడితే దాదాపు 1,900 కిలోలు. చదును పక్కలు పూరీలా పొంగి కూర్చుంటాయి, మళ్ళీ చదును కావు. నేను సైకిలు పంపు వాడతాను. ఒత్తిడి చూడటానికి తాపీ మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక గొట్టంలో నీళ్ళు పోసి గోడకు కడతాను. రెండు పక్కల నీటి మట్టాల తేడా 70 సెంటీమీటర్లయితే ఒక పీఎస్‌ఐ. అక్కడ ఆపుతాను.

ముందు ఆయిలు అరకు గాలి పెట్టి, పెట్రోలు అర తెరిచి ఉంచి చూడాలి. తర్వాత అటుది ఇటు. ఒక్క అడ్డురేకే ఉన్న ట్యాంకులో రెండూ కలిపి ఒకేసారి పరీక్షిస్తే మధ్య గోడ సంగతి తేలదు, రెండు పక్కలా ఒత్తిడి సమానం కదా. గాలి పరీక్ష అయ్యాక కిరోసిన్ పరీక్ష. బయట అతుకులన్నిటి మీదా పలచగా సున్నం పూసి ఆరనిచ్చి, లోపల కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేస్తాను. గాలికి బుడగ రాని చోట కూడా కిరోసిన్ పాకుతుంది. పొద్దున్నే తెల్లటి సున్నం మీద నూనె మరక కనిపిస్తే అక్కడ మళ్ళీ కడ్డీ పెట్టాలి. ఇది లాలాగూడలో పెద్ద మేస్త్రీలు నేర్పిన పద్ధతి. దీన్ని మించింది నాకింకా దొరకలేదు.

పాత ట్యాంకు మరమ్మతు చేయించుకునేవాళ్ళకు ఇక్కడొక మాట. పెట్రోలు ఖాళీ చేసి ఏళ్ళయిందని ధీమా పడకండి. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోలు నిప్పంటుకునేంత ఆవిరి విడుస్తుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు, అడుగునే పడి ఉంటుంది. తుప్పు పొరల్లో ఇంకిన పెట్రోలు వేడి తగలగానే మళ్ళీ ఆవిరిగా లేస్తుంది. నేనైతే సోడా వేడినీళ్ళతో కడిగి, పని చేసే చోటు తప్ప మిగతాదంతా నీళ్ళతో నింపి, మంట దూరంగా ఉంచి కాల్చిన కడ్డీతోనే టంకం పెడతాను. వెల్డింగు మంట తగిలిస్తానంటే ఆ ట్యాంకు తిరిగి తీసుకుపొమ్మంటాను.

రంగు విషయంలో డాక్టరుతో పేచీ రాలేదు. శాంతికాలపు ట్రయంఫ్‌లా బూడిద రంగు మీద పచ్చ పట్టీ, చేత్తో గీసిన సన్నని గీతలు. ఒక్కటే గట్టిగా చెప్పాను. ఎవరు ఎంత చవకగా చేస్తామన్నా పౌడర్ కోటింగుకు ఇవ్వొద్దని. పౌడర్ కోటింగును బట్టీలో 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. నేను వాడే టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. ఇంకెవరిదో పాత ట్యాంకు ఒకటి అలా బట్టీకి వెళ్ళి నా దగ్గరికి సంచిలో వచ్చింది. రేకులన్నీ చక్కగా, నిగనిగలాడే నల్లరంగుతో, దేనికది విడిగా.

పెట్రోలు సంగతి కొత్త చిక్కు. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే పోస్తున్నారు. ఇథనాల్ గాల్లోని తేమను లాక్కుంటుంది. బండి నెలల తరబడి నిలిచిపోతే నీరు అడుగుకు దిగుతుంది. పాతకాలంలో మర చుట్లకు, కార్కు ముక్కలకు లక్క పూసేవారు. లక్క పెట్రోలులో కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. నూరేళ్ళు చెక్కుచెదరని అతుకు ఒక్క వానాకాలంలో జిగురై కార్బురేటరుకు చేరుతుంది. అందుకని నేను లక్క వాడటం మానేశాను. బండి నాలుగు వారాలు కదలదనుకుంటే పెట్రోలు దించేయమని చెబుతాను. ట్యాపు మూతిని అడుగునుంచి వేలెడు పైకి లేపి, నీళ్ళు దించేందుకు కింద విడిగా ఒక ప్లగ్గు పెడతాను.

ఆయిలు ఏది పోయాలని డాక్టరు అడిగినప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. మాది పాలమూరు వైపు, ఆముదం పండే మెట్టలు. ఆ రోజుల్లో రేసు బళ్ళకు ఆముదమే పోసేవారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల్లో గిరగిరా తిరిగే రోటరీ ఇంజన్లకూ అదే. వాటిలో పెట్రోలు ఆవిరి క్రాంక్‌కేసులోంచే పోయేది. మామూలు ఖనిజ తైలమైతే పెట్రోలుకు కరిగి కొట్టుకుపోతుంది, ఆముదం అంత తేలిగ్గా కరగదు. కాకపోతే ఆముదం నిలవుంటే బంకలా పట్టేస్తుంది. ఆదివారం తిరిగే బండికి అది తగదు. ఏ సంకలనాలూ లేని చిక్కటి ఖనిజ తైలం పోయమన్నాను. ఆయన ముఖం కాస్త చిన్నబోయింది. ఆముదం పొగ వాసన చూడాలని సరదా పడ్డట్టున్నాడు.

ఆ ట్రయంఫ్ ఫొటోలు ఎవరికి చూపించాడో, మొన్న ఒక కుర్రాడు పాత బుల్లెట్ వేసుకుని వచ్చాడు. ‘అంకుల్, నాక్కూడా అట్లాంటి రెండు మూతల ట్యాంకే కావాలె, ఒక దాంట్ల ఆయిల్’ అన్నాడు. 1956 నుంచి మద్రాసు పక్క తిరువొత్తియూరులో తయారైన బళ్ళ వంశం అతని బండిది. ఆ పాత బుల్లెట్ ఇంజన్లో ఆయిలు ట్యాంకు విడిగా ఉండదు, క్రాంక్‌కేసు పోతలోనే ఒక అరగా ఉంటుంది. అది చూపించి, ‘నీకు రెండో అర అక్కర్లేదు నాయనా, ఆయిలు ఇంజన్లోనే కూర్చుంది’ అన్నాను. వంగి చూశాడు, నమ్మాడు. అయినా సరే మూతలు రెండు కావాలట, షోకుకు. సరే, ఇత్తడి మూత ఇంకోటి పెడతాను, కానీ దాని కింద రేకుకు బెజ్జం పెట్టను, ఉత్త మూతే అన్నాను. బంకు కుర్రాడు దాన్ని తిప్పి తిప్పి చూస్తే ఏం చెప్పాలని అడిగాడు. అది నువ్వే ఆలోచించుకో అన్నాను. అడ్వాన్సు చేతిలో పెట్టి, ట్యాంకు విప్పడానికి నా స్పానరే అడిగి తీసుకున్నాడు.